తోడు పోయని తొట్టి

మాఘ బహుళ విదియ. పొద్దుటి పోటు.

తొట్టి ఈ రోజు పడవ దిగింది. నలుగురు మోశారు. గాజు పగలకుండా చుట్టూ గడ్డి కుక్కి తెచ్చారు. పీతలదిబ్బ బడికి ఇప్పటిదాకా ఉన్న సామాను ఒక పలుకుపెట్టె, నాలుగు చాపలు, ఒక నల్లబల్ల. ఇప్పుడు తొట్టి, నేను.

పలుకుపెట్టె లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు చెబుతుంది. ఎవరేం చెప్పినా మెచ్చుకుంటుంది. లోవలక్ష్మి అనే పదేళ్ల పిల్ల దాన్ని పరీక్షించాలని ఏడారులు పన్నెండు అంది. "చాలా బాగా ప్రయత్నించావు," అంది పెట్టె. "బండరాయిని పెట్టినా బాగానే ప్రయత్నించావంటదండి ఇది," అంది ఆ పిల్ల నాతో.

నీళ్లు, నేల, గాలి గురించిన పాఠం మాత్రం మనిషే చెప్పాలని చట్టం. సముద్రం లోపలికి వచ్చాక చేసిన చట్టం. ఆ మనిషికి అనుమతి కావాలంటే శిక్షణ పూర్తి చేయాలి. శిక్షణలో సగం తొట్టే. పని చేసే దిబ్బ మట్టి, ఆ దిబ్బ నీళ్లు, వాటిలో బతికే మొక్కలు, నత్తలు, చేపలు వేసి వేసవి దాటించాలి. ఆషాఢ పున్నమికి పరీక్ష. అప్పటికి తొట్టి బతికి ఉంటే దిబ్బకి బడి ఉంటుంది. లేకపోతే బడి మూసేసి పిల్లల్ని పాయ అవతల కొండబడికి పంపాలి.

దిబ్బపెద్ద పోలయ్యగారు నా సామాను దించకముందే ఆ సంగతి ఎత్తారు.

"అమ్మా సిసిలీ, మా పిల్లల్ని పాయ దాటించే పని పెట్టకు. పోయినేడు కొండబడి పడవ ఒకటి తిరగబడింది. పిల్లలందరూ దక్కారు. ఆయ్, దక్కారు. కానీ మా ఆడోళ్లకి గాలి వీస్తే చాలు, ఇప్పటికీ వొణుకే."

"అలాగేనండి," అన్నాను. నాకు బాగా అలవాటైన మాట అది.

ఫాల్గుణ శుద్ధ పంచమి. ఆటు.

పిల్లలే తొట్టి నింపారు. అడుగున చెరువు మట్టి, పైన చెరువు నీళ్లు. దిబ్బ చివరి వానగుంట నుంచి నాచు రెండు రకాలు, అంతరతామర, నత్తలు, పరిగె చేపలు. ఎవరు తెచ్చిన నత్తకి వాళ్లు పేరు పెట్టుకున్నారు. అన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి పేర్లు నిలవలేదు.

ఈ దిబ్బ మీద మంచినీళ్లంటే వాన నీళ్లే. చుట్టూ ఉన్నదంతా ఉప్పు. పోయిన వానల ముందు అన్ని దిబ్బల వాళ్లూ కొత్త వానతెర వేయించుకున్నారు. చెరువు గట్టు చుట్టూ, కప్పుల మీదా పరిచే పలుచని తెర. దాని మీద పడిన చినుకల్లా చెరువులోకి జారుతుంది. దాని గొప్పతనం ఏమిటంటే నాచు పట్టదు. పోలయ్యగారు నన్ను తీసుకెళ్లి చూపించారు.

"ఇదివరకు తెరనైతే పక్షానికోసారి చీపుర్లేసుకుని తోమేవోళ్లం. దీన్ని ఏడాదైంది, చెయ్యి పెట్టింది లేదు. నీళ్లు చూడు, అద్దం."

నిజంగానే అద్దంలా ఉన్నాయి. తొట్టిలో పోశాక పిల్లలు అవతల నిలబడి మొహాలు చూసుకున్నారు.

ఫాల్గుణ పున్నమి. పెద్ద పోటు.

పున్నమి పోటుకి ఇసుకమేట మునుగుతుంది. అప్పుడే పడవలు శిక్షణ కేంద్రానికి వెళ్లగలవు. పదకొండు దిబ్బల నుంచి పదకొండు మందిమి వచ్చాం.

ఇందుమతి మేడం ఈ నెల నేర్పింది: పాఠం మొదలయ్యాక టీచరు నోటి నుంచి "ఎందుకంటే" రాకూడదు. పిల్లల నోటి నుంచి వచ్చేదాకా ఆగాలి. ఒకరికొకరం పాఠం చెప్పుకుని చూశాం. ఉప్పరగూడెం దిబ్బ నుంచి వచ్చిన నూకరత్నం ఆరుసార్లు ఓడిపోయింది. నేను ఒక్కసారీ ఓడలేదు. "నోరే తెరవనిదానికి ఓటమేంటండీ మేడం," అంది నూకరత్నం. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

కేంద్రం వరండాలో మూలతొట్టి ఉంది. దూలమంత పొడవు. మేడం తన శిక్షణ రోజుల్లో మొదలుపెట్టిందట. పాత పెంకుటింటి చూరు నీళ్లతో నిండుతుంది. పచ్చగా, చిక్కగా, కదులుతూ ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఒక ఆచారం చూశాను. అందరూ తలో క్యాను తెచ్చుకున్నారు. మూలతొట్టిలో ముంచి నింపుకున్నారు. దాన్ని తోడు అంటారు. పక్కింటికి గిన్నె పట్టుకెళ్లి పెరుగు తోడు అడిగినంత మామూలుగా. ఇంటికెళ్లి తమ తొట్టిలో పాత నీళ్లు కాస్త తీసి ఈ తోడు పోస్తారు. అడిగినవాళ్లని ఎవరూ కాదనరు. మేడం అటు వెళ్తూ పక్కకి తిరిగి పూలకుండీ సర్దింది.

నా దగ్గర క్యాను లేదు. నూకరత్నాన్ని అడిగితే ఇచ్చేదే. అడుగుదామని రెండడుగులు వేశాను. ఆమె ఎవరితోనో మాట్లాడుతోంది. మాట అయ్యేదాకా నిలబడ్డాను. పడవవాడు పిలిచాడు. వచ్చేశాను.

చైత్ర బహుళ షష్ఠి. పోటు.

తొట్టి నీళ్లు ఇంకా తేటగానే ఉన్నాయి. అదే నన్ను ఇబ్బంది పెడుతోంది. ఈపాటికి గాజుకి సన్నటి పచ్చ పొర పట్టాలి. పట్టలేదు. నాచు పెరగలేదు. కొసలు తెల్లబడ్డాయి.

ఈ రోజు నత్తలన్నీ నీళ్ల పైకి ఎక్కి గాజుకి అంటుకున్నాయి. పిల్లలు వాటిని జాగ్రత్తగా తీసి నీళ్లలో వదిలారు. మధ్యాహ్నానికి మళ్లీ పైన ఉన్నాయి.

"ఎండ కాస్తున్నాయండి," అన్నాడొక పిల్లాడు.

"ఎండ అటుపక్క. ఇవి ఇటు ఎక్కాయి," అంది లోవలక్ష్మి.

నేనేమీ అనలేదు. నియమం ప్రకారం అనకూడదు. నాకు తెలియదు కూడా.

చైత్ర బహుళ ఏకాదశి. ఆటు.

పరిగెలు రెండు చచ్చిపోయాయి. పిల్లలు కొబ్బరాకు మీద పెట్టి పాతారు. లోవలక్ష్మి పరలోక ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మరచిపోతే నేను పూర్తి చేశాను. కాన్వెంటులో నేర్చుకున్నది ఇన్నాళ్లకి చేపలకి పనికొచ్చింది.

వైశాఖ పున్నమి. పెద్ద పోటు.

కేంద్రంలో అందరూ తమ తొట్ల ఫొటోలు గోడకి పెట్టారు. పది పచ్చగా ఉన్నాయి. నాది కిటికీలా ఉంది.

నూకరత్నం నన్ను వరండా చివరికి లాగింది.

"ఏమే, నువ్వు తోడు పోయట్లేదా?"

"లేదు."

"ఒక్కసారీ?"

"అడగలేకపోయాను."

"అడగడమేంటే! ముంచుకోవడమే. నా తొట్టి కూడా మొదటి నెల్లో నీదాన్లాగే పాలిపోయింది. తోడు పోశాక చూడు, పరిగెలు పిల్లలు కూడా పెట్టాయి. మీ దిబ్బలో పిల్లల్ని పడవెక్కిస్తావేంటి, నీ మొహమాటానికి?"

ఈసారి క్యాను తెచ్చుకున్నాను. మూలతొట్టి దగ్గరికి వెళ్లాను. అక్కడ మేడం నిలబడి ఉంది. ఆమె ఎదురుగా ముంచడానికి చెయ్యి రాలేదు. "ఏమైనా కావాలా సిసిలీ?" అంది. "లేదండి," అన్నాను.

పడవలో ఖాళీ క్యాను మీద కూర్చుని వచ్చాను. నూకరత్నం మాట ఒకటి వదలడం లేదు. ఆమె తొట్టి కూడా మొదట పాలిపోయింది.

వైశాఖ బహుళ సప్తమి. జల్లు తర్వాత.

మధ్యాహ్నం ఉరుము లేకుండా వాన వచ్చింది. పిల్లలు తడవడానికి పరుగెత్తారు. నేను తొట్టి దగ్గరే కూర్చున్నాను. నత్తలు ఆరు మిగిలాయి. ఆరూ గాజు పైనే.

లోవలక్ష్మి తడిసి వచ్చి నా పక్కన నిలబడింది.

"టీచర్, వీటికి మన నీళ్లు పడట్లేదేమోనండి."

"ఎలా తెలుసుకుందాం?" అన్నాను. ఇది నియమం ఒప్పుకుంటుంది.

పిల్లలు వాదించుకున్నారు. తెర నీళ్లు వేరు, చెరువు నీళ్లు వేరు అన్నారు కొందరు. మట్టి అన్నారు ఇంకొందరు. చివరికి వాళ్లే తేల్చారు. ఒక సీసాలో వాకిట్లో బిందెలోకి నేరుగా పడిన వాన. ఒక సీసాలో తెర మీద నుంచి జారిన వాన. ఒక సీసాలో చెరువు నీళ్లు. మిగిలిన ఆరు నత్తలు, సీసాకి రెండు. మూడిట్లోనూ ఒకే చెంచా మట్టి. సీసాల మీద గుర్తులు లోవలక్ష్మి బొగ్గుతో రాసింది.

వైశాఖ బహుళ ద్వాదశి. ఆటు.

బిందె వాన సీసాలో నత్తలు అడుగున తిరుగుతున్నాయి. గాజుకి పచ్చదనం కనిపిస్తోంది. తెర నీళ్ల సీసాలో రెండూ మూత దాకా ఎక్కాయి. చెరువు సీసాలో రెండూ పైనే. నీళ్లు మాత్రం అన్నిటికంటే తేటగా ఉన్నాయి.

నాచు పట్టకుండా తెరలో ఏదో కలిపారు. అది నీళ్లలోకి దిగుతోంది. అదే నాచుని పెరగనివ్వడం లేదు. ఇంత తేలిక సంగతి. నేను పాఠాల్లో ఇలాంటివి ఎన్నో చదివాను. మా చెరువు దగ్గర నిలబడి మాత్రం ఎంత బాగున్నాయో అనుకున్నాను.

పోలయ్యగారికి సీసాలు చూపించాను. ఆయన కింద కూర్చుని మూడూ చూశారు. లేచి లోపలికెళ్లి చెరువు నీళ్లు గ్లాసుడు తెచ్చుకుని నా ఎదురుగా గటగటా తాగారు.

"ఏడాది నించీ తాగుతున్నాం. ఎవడికైనా జొరమొచ్చిందా? నాకేమైనా అయిందా?"

"మనకేమవుతుందో నాకు తెలీదండి. నత్తకేమైందో చూశాను."

ఆయన గ్లాసు బోర్లించారు. గట్టు మీది తెర వైపు చూశారు. ఆ తెర వేయించడానికి ఆయన దిబ్బ దిబ్బకీ తిరిగి ఒప్పించారని తర్వాత తెలిసింది.

"తెర సంగతి వానల తర్వాత చూద్దాం తల్లీ. ముందు బడి నిలబెట్టు. ఏం పోస్తావో పోసుకో, ఎక్కణ్ణించి తెస్తావో తెచ్చుకో. పరీక్ష గట్టెక్కించు. పిల్లలు పాయ దాటకూడదు. అంతే."

జ్యేష్ఠ బహుళ దశమి. పోటు.

నూకరత్నం వచ్చింది. తన దిబ్బ నుంచి మా దిబ్బకి తానే చిన్న పడవ తోసుకుంటూ వచ్చింది. రెండు క్యాన్ల నిండా తోడు. ఒక సంచిలో నాచు, తడిగుడ్డలో చుట్టిన నత్తలు, సీసాలో పరిగెలు.

"నువ్వు అడగవు. అడిగేదాకా ఆగితే నీకు అనుమతి వచ్చే జన్మలో వస్తుంది. అందుకని నేనే తెచ్చా. పోసేయ్. పరీక్ష నాటికి పచ్చబడుతుంది."

నేను ఆమెకి సీసాలు చూపించాను. ఆమె చూసింది. చాలా తెలివైనది. రెండోసారి చెప్పక్కర్లేకపోయింది.

"మా దిబ్బ మీదా ఇదే తెర," అంది.

"అందరి దిబ్బల మీదా ఇదే."

"మరి మా తొట్లు..." అని ఆగిపోయింది. మా తొట్లలో ఉన్నవి మా నీళ్లు కావు అని ఆమె అనలేదు. తొట్టి పెట్టమన్నది ఎందుకో మేం పదకొండు మందిమీ శిక్షణ మొదటి రోజే రాసుకున్నాం. ఊరి నీళ్లు చెడితే ఊరికంటే ముందు తొట్టికి తెలియాలని.

వెళ్లేటప్పుడు నూకరత్నం క్యాన్లు తీసుకెళ్లలేదు.

"ఇక్కడే ఉంటాయి. నీ ఇష్టం. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. నువ్వు నోరు తెరిస్తే పది బళ్లు పోతాయి. నాది కూడా. మా పిల్లలూ పడవెక్కేవాళ్లే."

సాయంత్రం క్యాన్లు తొట్టి పక్కకి జరిపాను. మూత తీశాను. చెరువు వాసన, పచ్చి వాసన. పోస్తే చాలు. లోవలక్ష్మి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ పిల్ల సీసాలు అలమరలో ఉన్నాయి, బొగ్గు గుర్తులతో. రేపు పచ్చగా ఉన్న తొట్టి చూపించి ఏమని చెప్పను?

మూత పెట్టేశాను. నూకరత్నం తెచ్చిన నత్తల్ని బిందె నీళ్లలో వదిలాం.

ఆషాఢ పున్నమి. పెద్ద పోటు.

పరీక్ష.

కేంద్రం వరండాలో పదకొండు తొట్లు వరసగా. పది పచ్చవి. నాది చివర, తేటగా, ఖాళీగా. అడుగున ఖాళీ గుల్లలు. లోవలక్ష్మి, మరో ఇద్దరు పిల్లలు నాతో వచ్చారు. నేను పాఠం చెప్పలేదు. సీసాలు బల్ల మీద పెట్టి పక్కకి జరిగాను. పిల్లలు మేడంకి చూపించారు. ఏది ఎక్కడి నీళ్లో, నత్త ఎటు పోయిందో.

"మీ తొట్టి ఎందుకు చచ్చిపోయింది?" అని మేడం వాళ్లనే అడిగింది.

"ఎందుకంటేనండి," అంది లోవలక్ష్మి, "తెరకి నాచు పట్టకూడదని మందేశారు కదండి. ఆ మందు మా చెరువులోకి దిగిందండి. నాచు లేకపోతే చేపలకి కూడు లేదండి. నత్తలేమో పారిపోదామని చూశాయండి. పారిపోడానికి చోటు లేదు కదండి, తొట్టి కదా."

మేడం నా వైపు తిరిగింది.

"మంచి పాఠం. కానీ తొట్టి చచ్చింది. నియమం నీకు తెలుసు."

"తెలుసండి."

"ఇంకో సంగతి. ఇదే తెర పదకొండు దిబ్బల మీదా ఉంది. పది తొట్లు బాగున్నాయి. అంటే లోపం మీ చెరువులోనే ఉందని రాయమంటావా?"

అలా రాస్తే తెర పది దిబ్బల మీద అలాగే ఉంటుంది. కాదంటే పది మంది అనుమతి పోతుంది. నూకరత్నం నా ఎదురుగా నిలబడి ఉంది. ఆమె వైపు చూడలేదు.

"నా ఒక్క తొట్టిలోనే ఊరి నీళ్లు ఉన్నాయండి," అన్నాను.

"వినబడలేదు."

మళ్లీ అన్నాను. ఈసారి వరండా చివరిదాకా వినబడి ఉంటుంది.

నూకరత్నం చెంగు నడుముకి దోపింది.

"ఔనండి మేడం. మావి మా నీళ్లు కావండి. మీవి. మూలతొట్టివి. మొదటి నెల్లో మా నత్తలు కూడా ఎక్కాయండి. చేతకాక చచ్చిపోతున్నాయనుకున్నాం గానీ ఏదో చెబుతున్నాయనుకోలేదు." తర్వాత నా వైపు తిరిగింది. "అందరం ముంచుకుంటే ఇదొక్కతే ముంచుకోలేదండి. మంచితనం కాదు, మొహమాటం. నీ మొహమాటం పదకొండు బళ్లు మూయించిందే తల్లీ!"

ఒకరిద్దరు నవ్వారు. ఒకమ్మాయి ఏడ్చింది. మేడం మూలతొట్టి దగ్గరికి వెళ్లి అంచు మీద చెయ్యి పెట్టింది.

"ప్రతి పున్నమికీ జానెడు తగ్గేది. ఎండకనుకున్నాను," అంది. చెయ్యి తీసి, "అనుకోలేదు. చూశాను. పిల్లలు కదా, గట్టెక్కుతారని ఊరుకున్నాను," అంది.

పది తొట్లూ ఖాళీ చేసి ఎవరి చెరువు నీళ్లు వాళ్లు పోయాలంది. ఈ ఏడు ఎవరికీ అనుమతి లేదు. నాకూ లేదు. చచ్చిన తొట్టికి ఇవ్వడానికి లేదు. మేడం కాగితం మీద నా పేరు పక్కన అదే రాసింది. రాసేటప్పుడు ఆమె చెయ్యి ఆగలేదు. ఆగి ఉంటే నాకు బాధగా ఉండేది.

శ్రావణ శుద్ధ నవమి. వాన.

ఏడు దిబ్బల్లో నత్తలు ఎక్కాయని కబురు. మిగతావాటిలో ఇంకా చూస్తున్నారు.

ఆ కబురు విన్నాక పోలయ్యగారు నాలుగు రోజులు ఇంట్లోనే ఉన్నారు. ఈ రోజు వానలో బయటికి వచ్చి ఒక్కరే తెర చుట్టడం మొదలుపెట్టారు. తర్వాత అందరూ చెయ్యి వేశారు. కప్పుల మీద తాటాకు మళ్లీ బయటపడింది. చూరు కింద బిందెలు, గాబులు, పెళ్లి డేగిసాలు కూడా పెట్టారు. చెరువు నీళ్లు కాలువ తీసి బయటికి వదిలారు. కొత్త వాన నిండేదాకా నీళ్లు వాడుకోవడం ఇరుకే. నా వంతు ఒక బిందె. సరిపోతుంది.

పలుకుపెట్టెని కేంద్రం వాళ్లు తీసుకెళ్లారు. బడికి తాళం పడింది. పెట్టెని పడవెక్కిస్తుంటే ఎవరో పిల్లాడు దాన్ని పాయకి సెలవు చెప్పమన్నాడు. "చాలా బాగా చెప్పావు," అంది.

శ్రావణ బహుళ తదియ. పొద్దుటి పోటు.

ఈ రోజు పిల్లల మొదటి ప్రయాణం, కొండబడికి. తల్లులు రేవులో నిలబడి ఎక్కనివ్వలేదు. పడవలో పెద్దవాళ్లు లేకపోతే పంపేది లేదన్నారు. రోజుకి ఇద్దరు తల్లులు వంతుల వారీగా వెళ్లాలని, వాళ్లతో నేను రోజూ వెళ్లాలని ఒప్పందం కుదిరింది. నా మీద కోపం ఉన్నవాళ్లే అడిగారు. "నీవల్లే కదా, నువ్వే దగ్గరుండి దాటించు," అంది లోవలక్ష్మి తల్లి కాంతమ్మ.

"అలాగేనండి," అన్నాను.

బడిలో చెప్పడానికి నాకు అనుమతి లేదు. పడవ గురించి చట్టం ఏమీ అనలేదు. నిన్న చట్టం పుస్తకం మొత్తం చదివాను.

చెప్పే అవసరం కూడా రాలేదు. పాయ మధ్యకి వచ్చేసరికి నీళ్ల మీద గీత గీసినట్టు ఒక హద్దు కనిపించింది. ఇటు గోదావరి మట్టి ఎరుపు, అటు సముద్రం ఆకుపచ్చ. గీత పొడవునా నురగ. దాని మీద పక్షులు. పడవ అంచు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్న కాంతమ్మ కళ్లు తెరిచింది.

"ఇదేంటి టీచరమ్మా, కలవట్లేదేంటివి?"

నేను పిల్లల వైపు చూశాను. లోవలక్ష్మి అప్పటికే సీసా తాడుకి కట్టి దించుతోంది. ఇంకొకడు ఎర్రటి నీళ్లు దోసిట్లో తీసి నాలుక పెట్టి చూశాడు. అటువాళ్లంతా ఇటు వచ్చి వంగారు. తల్లులూ వంగారు. పడవ ఒరిగింది.

"ఒకే పక్కకి వాలతారేంటెహె! మునిగిపోతాం!" అని పడవవాడు అరిచాడు.

కాంతమ్మ ముందుగా లేచి అటు పక్కకి వెళ్లి కూర్చుంది. సగం మంది పిల్లల్ని రెక్క పట్టి తన వైపు లాక్కుంది. సీసా ఒకటి అటు అందించాను. ఇటువాళ్లు ఎర్ర నీళ్లు తీశారు, అటువాళ్లు పచ్చ నీళ్లు తీశారు. రుచి ఎలా ఉందో ఇటు నుంచి అటు అరుచుకుంటున్నారు. పడవ సమంగా నిలబడి గీత దాటింది.